లెన్ డేటన్ గూఢచారి నవల: వర్గదృష్టి

గూఢచారి నవలను కేవలం కాలక్షేప సాహిత్యంగా పరిగణిస్తే అందులోని సామాజిక చరిత్ర మరుగున పడుతుంది. బ్రిటిష్ రచయిత లెన్ డేటన్ నవలలు ఇందుకు నిదర్శనం.

డేటన్ 1929లో లండన్‌లో జన్మించారు. తండ్రి ఒక పెద్దింట కారు డ్రైవరు; తల్లి వంటమనిషి. ఆమె వంట చేసిపెట్టిన అన్నా వోల్కాఫ్‌ను నాజీ అనుకూల గూఢచర్యానికిగాను 1940లో అరెస్టు చేయడం పదకొండేళ్ల వయసులో చూశానని ఆయనే చెప్పారు. పెద్దింటి ద్రోహాన్ని వంటింటి వైపు నుంచి చూసిన ఈ దృష్టే ఆయన రచనకు మూలం.

తొలి నవల 'ది ఇప్‌క్రెస్ ఫైల్' (1962) కథకుడికి పేరు లేదు. బర్న్‌లీ అనే మిల్లుల పట్టణం నుంచి వచ్చి, జీతం బకాయిల కోసం కార్యాలయంతో పోరాడే ఉద్యోగి అతడు. చివరకు ద్రోహిగా తేలేది కులీనుడైన పై అధికారి డాల్బీ. ఈ కల్పనకు చారిత్రక నేపథ్యం ఉంది. కేంబ్రిడ్జి విద్యావంతులైన బర్జెస్, మెక్లీన్ 1951లో సోవియట్ యూనియన్‌కు పారిపోయారు. 1963లో ఫిల్బీ వారిని అనుసరించాడు. కులీనతే విశ్వసనీయతకు హామీ అన్న నమ్మకం సడలిన ఆ కాలంలో డేటన్ కథకుడు పాఠకులకు ఆత్మీయుడయ్యాడు.

ఈటన్‌లో బోధించిన జాన్ లె కారే ఆ పతనాన్ని లోపలి మనిషి వేదనతో చిత్రించారు. డేటన్ కింది ఉద్యోగి వ్యంగ్యంతో చిత్రించారు. 'బెర్లిన్ గేమ్' (1983)లోనూ పట్టాలేని బెర్నార్డ్ శాంసన్ అనుమానితుడవుతాడు. ద్రోహిగా బయటపడేది ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన అతని భార్య. తరువాతి నవలలు ఆమె చర్యను మరోలా వివరించినా, నమ్మదగినవారెవరో నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న నిలిచే ఉంటుంది. డేటన్ ఆకర్షణకు ఆధారం ఆ ప్రశ్నే.