ఉప్పాడ ఇంటి పద్దు

ఉప్పాడలో ఇంటి ఖర్చుకు ఒక పద్దు, పని ఖర్చుకు మరో పద్దు ఎన్నడూ లేవు. ఊరికి అన్నం పెట్టిన వృత్తులు రెండు: మగ్గం, వేట. మగ్గం ఇంట్లోనే, వసారాలోనో నట్టింట్లోనో తవ్విన గుంట మీద ఉంటుంది. వల ఇంటి ముందు ఇసుకలో ఆరుతుంది. బియ్యానికి దాచిన డబ్బు నూలుకు పోతుంది. డీజిలుకు తెచ్చిన అప్పులోంచే పిల్లల మందులు వస్తాయి. పిఠాపురానికి తూర్పున సుమారు పది కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా సముద్రం అంచున ఉన్న ఈ ఊళ్లో ఒక కుటుంబానికి అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఏదంటే, ఒక్కో తరం ఒక్కో జవాబు చెబుతుంది.

కంపెనీ కాలంలో ఆ జవాబు తిండిగింజలు. పద్దెనిమిదో శతాబ్దంలో గోదావరి డెల్టా అంతా గుడ్డల బేరం మీద నడిచింది. ఇంజరంలోను, నరసాపురం పక్కన మాధవపాలెంలోను ఇంగ్లీషు కంపెనీకి ఫ్యాక్టరీలు ఉండేవి. ఇప్పటి కాకినాడలో కలిసిపోయిన జగన్నాథపురంలో డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు ఉండేవారు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు తిరిగే చోటు కాదు. గుడ్డ కొని, మడతపెట్టి, ఓడకెక్కించే కొట్టూ కచేరీ కలిసినది. అక్కడి నుంచి దళారుల చేతుల మీదుగా నేతగాడికి బయానా అందేది. ఆ బయానాలోంచే అతను నూలు కొనాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి. గుడ్డ ధర కంపెనీ కట్టిన ధర, గింజల ధర మాత్రం అంగడి ధర. వానలు తప్పిన ఏడాది ఈ రెంటికీ మధ్య నలిగింది నేతగాడి కుటుంబమే.

దక్షిణ భారత నేతగాళ్ల రాబడిని నాణేల్లో కాక గింజల్లో కొలిస్తే, పద్దెనిమిదో శతాబ్దంలో అది బ్రిటన్ నేతగాళ్ల రాబడికి ఏమంత తీసిపోయేది కాదని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి వాదించారు. ధాన్యం చవకగా ఉండటమే అందుకు ముఖ్య కారణమని ఆయన లెక్క. ధాన్యం ప్రియమైతే ఆ లెక్క కూలిపోతుంది. 1798 ప్రాంతంలో గోదావరి తీరపు నేతగాళ్లు కంపెనీ కొనుగోలు పద్ధతుల మీద తిరగబడ్డారు. ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల చరిత్ర రాసిన పి. స్వర్ణలత ఆ ఆందోళనలను, వారు పెట్టుకున్న అర్జీలను వివరంగా పరిశీలించారు. ఇవి కాక మగ్గానికి ఇంత అని కట్టే మొహతర్ఫా పన్ను ఒకటి. గుడ్డ అమ్ముడైనా కాకపోయినా మగ్గం ఉన్నందుకే కట్టవలసిన పన్ను అది. 1860ల మొదట్లో అది పోయింది. అప్పటికి కంపెనీ కొనుగోళ్లు ఆగిపోయి మూడు దశాబ్దాలయింది.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పద్దు తలకిందులైంది. అంతవరకు నూలు ఊళ్లలోనే ఆడవాళ్లు రాట్నం మీద వడికినది. నేత ఇంటికి నూలు ఖర్చు ఎంత ఉన్నా, ఆ డబ్బు పక్క వీధిలోనో పక్క ఊళ్లోనో మరో ఇంటికి చేరేది. లాంకషైర్ మిల్లు నూలు ఓడల్లో దిగేసరికి రాట్నం మూలపడింది, వడికే కూలి పోయింది. నూలు నగదు పెట్టి కొనే సరుకైంది. నూలు వర్తకుడే అప్పిచ్చే సావుకారు కూడా అయ్యాడు. తర్వాత నేత ఇళ్లను వదలకుండా పట్టుకున్న బాకీకి మొదలు ఇక్కడే ఉంది. కోస్తా నేత చరిత్రలో మిల్లు బట్ట చేసిన నష్టం గురించి చాలామంది రాశారు. మిల్లు నూలు ఇంటి పద్దును ఎలా మార్చిందో రాసినవారు తక్కువ.

ఉప్పాడ పూర్తిగా చితికిపోకుండా నిలబడిందంటే అందుకు కారణం సన్ననేత. జాందానీ అన్నది పారశీక మాట. జామ్ అంటే పువ్వు, దానీ అంటే దాన్ని ఉంచే పాత్ర అని దానికి చెప్పే అర్థం. ఢాకా మస్లిన్ల మీద పేరు తెచ్చుకున్న ఆ పనితనం తెలుగు నేలలో ఉప్పాడ, వెంకటగిరి మగ్గాల మీద నిలిచింది. పిఠాపురం, వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాల ఇళ్లకు ఇక్కడి చీరలు, ధోవతులు వెళ్లేవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, వాటితోపాటే నూలు జాందానీకి కొనేవాళ్లూ తగ్గారు. 1980ల చివరి నుంచి డిజైనర్ ఘనశ్యామ్ సరోదే వంటివారి చొరవతో ఆ పనితనం తిరిగి పట్టుచీర మీదికి వచ్చింది. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

పట్టు వచ్చాక పద్దులో అంకెల సైజు మారింది. ఒక్క చీర పనిని దగ్గర నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. జాందానీ మగ్గం మీద సాధారణంగా ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, చాలా ఇళ్లలో ఆ ఇద్దరూ ఆలుమగలే. పడుగు మీద నాడె ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. బుటా రావలసిన చోట ఇద్దరూ ఆగి, విడి పేకను చిన్న చిన్న కండెలతో చేత్తోనే పడుగు పోగుల మధ్య నుంచి దూర్చి తీస్తారు. బుటా పూర్తయిన చోటే ఆ పోగు ఆగుతుంది, వెనకవైపు వేలాడదు. అందుకే ఈ చీరకు లోపల, బయట అన్న తేడా కనపడదు. బుటాల పనిని బట్టి ఒక చీరకు పది రోజులు పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు. అన్నాళ్లూ పట్టు, జరీ మీద పెట్టిన డబ్బు మగ్గం మీదే బందీగా ఉంటుంది. పట్టు బెంగళూరు వైపు నుంచి, జరీ సూరత్ నుంచి రావాలి. రెంటినీ సొంత డబ్బుతో కొని రెండు నెలలు ఆగగల నేతగాళ్లు బహు తక్కువ.

ఆ ఖాళీలోకి మాస్టర్ వీవర్ వచ్చాడు. పట్టు, జరీ, డిజైను ఆయనవి. నేత, మజూరీ నేతగాడివి. మజూరీ కన్నా ముందే ఇంటికి చేరేది బాకీ: పెళ్లికనో, ఆపరేషన్‌కనో తీసుకున్న అడ్వాన్సు. బాకీ తీరకుండా మరొకరి దగ్గరికి మారడం కుదరదు. బాకీ తీర్చే స్తోమతు ఉన్నవాడికి మారవలసిన అవసరమూ ఉండదు. ఈ బాకీ పట్టు నుంచి నేతగాడిని తప్పించాలన్నదే సహకార సంఘాల ఉద్దేశం, 1976లో ఏర్పడిన రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో ఉద్దేశమూ అదే. సంఘాల ద్వారా నూలు, అమ్మకం కొంతవరకు అందాయి. పెళ్లికి కావలసిన అప్పు మాత్రం సంఘం ఇవ్వలేదు కాబట్టి సావుకారు గడప అలాగే మిగిలింది. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చిన పథకం 2019 డిసెంబరులో మొదలైంది. ముసురు పట్టినప్పుడు మగ్గం గుంటలోకి నీరు ఊరి పని ఆగిపోయే రోజులు ఏటా వస్తాయి. ఆ రోజులకు మజూరీ ఉండదు, తిండి ఖర్చు మాత్రం తగ్గదు.

తిండి ఖర్చు ఇంటి పద్దులో మొదటి స్థానం నుంచి దిగడం 1983లో మొదలైంది. ఆ ఏడాది ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. రాబడి పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. తెలుగు పల్లెల్లో రాబడి పెరగక ముందే ధర దించడం వల్ల ఆ మార్పు సగం జరిగింది. దేశం మొత్తం మీద జాతీయ నమూనా సర్వే లెక్కలు కూడా ఇదే దారి చూపుతాయి. 1999-2000లో గ్రామీణ కుటుంబం వినియోగ ఖర్చులో తిండి వాటా 59.4 శాతం, అందులో తిండిగింజలే 22 శాతం. 2022-23 నాటికి తిండి వాటా 46.4 శాతానికి, తిండిగింజల వాటా ఐదు శాతం లోపుకు దిగాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో మనిషికి నెలవారీ సగటు వినియోగ ఖర్చు 4,870 రూపాయలు, దేశ గ్రామీణ సగటు 3,773. బియ్యం మీద మిగిలిన డబ్బు పాలకు, కూరలకు, ప్రయాణాలకు, ఫోనుకు, బడి ఫీజుకు వెళ్లింది.

చేపల తిండి సంగతి వేరు. వేటగాడి ఇంట చేప కొనుక్కునే సరుకు కాదు, వేలం పాటలో అమ్ముడు కానిదే చట్టిలోకి వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట గోదావరి జిల్లాల్లో అందరి నోటా ఉన్నదే. సముద్రంలో పడినప్పుడు అదే చేప విలస, దానికి పులస ధర రాదు. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వెళ్లాకనే అది పులస అవుతుంది. పుస్తెలు అమ్ముకునే సామెత తినేవాళ్లు పుట్టించినది. పట్టేవాళ్ల పుస్తెలు వలల కోసం, ఇంజన్ల కోసం తాకట్టు కొట్లకు చేరాయి.

వేట ఖర్చు అంతగా పెరగడం రెండు తరాల లోపు జరిగిన మార్పు. తేలిక కర్ర దుంగలు తాళ్లతో కట్టుకున్న తెప్ప, ఇంట్లో అల్లుకున్న నూలు వల, గాలికి తెరచాప: పాత వేటకు పెట్టుబడి చెమటే. నైలాన్ వలలు, ఆ తర్వాత ఫైబర్ బోట్లు, బోటు వెనక బిగించే ఇంజన్లు వచ్చాక పొద్దు పొడవక ముందే ఖర్చు మొదలైంది. డీజిలు, ఐసు, తిండి సామాను పోగా మిగిలిన డబ్బును వాటాలు వేస్తారు. బోటుకు, వలకు వాటా తీశాక కలాసీల వాటా. పెట్టుబడి పెట్టిన వ్యాపారికే సరుకు పోయాలి, ఒడ్డున పాట కూడా ఆయన కనుసన్నల్లోనే నడుస్తుంది. మగ్గం దగ్గర బాకీ ఏం చేసిందో ఒడ్డున అడ్వాన్సు అదే చేసింది. తెచ్చిన చేపను గంపకెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడవాళ్ల చేతి డబ్బే రోజువారీ కూరానారకు ఆధారం. బోటు లెక్కలో ఆ డబ్బు కనపడదు.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన అది. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000కు పెరిగింది. బడి ఫీజులు కట్టే జూన్ నెల, పెళ్లి ముహూర్తాల వేసవి ఈ నిషేధంలోనే పడతాయి కాబట్టి ఏడాదిలో పెద్ద అప్పులు పుట్టేది అప్పుడే.

పెళ్లి ఖర్చు దిశ కూడా మారింది. తీరాంధ్రలోని పలు కులాల్లో ఒకప్పుడు మగపెళ్లివారు ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చుకునేవారు. ఆ పిల్ల పనిచేసే చేతులు పుట్టింటికి లేకుండా పోతాయన్న ఎరుక అందులో ఉండేది. కండెలు చుట్టే చేతులకు, చేప అమ్మే చేతులకు విలువ తగ్గలేదు గానీ ఇరవయ్యో శతాబ్దంలో ఓలి పోయి కట్నం వచ్చింది. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం దీన్ని ఆపలేకపోయింది. వైద్యం విషయంలో మాత్రం 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భారాన్ని చాలా ఇళ్ల పద్దులోంచి దించింది. మందుల ఖర్చు, మగ్గం దగ్గర వచ్చే నడుము నొప్పి, కళ్ల బాధ అలాగే ఉన్నాయి.

ఇక ఇల్లు. తీరంలోని పాత ఇల్లు తాటాకు చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, మనిషి వంగి దూరేటంత కిందికి దించిన కప్పు. తుపాను గాలి దాన్ని చుట్టుకుపోతుంది తప్ప నిలువునా కొట్టదు. అలకు పోయినా పది మంది చేయి వేస్తే కొద్ది రోజుల్లో మళ్లీ లేస్తుంది. దాని ఖర్చు ఏటా కప్పు మార్చే తాటాకు, కూలి. పక్కా ఇల్లు వచ్చాక గాలి భయం తగ్గింది, కానీ ఇల్లు అప్పు చేసి కట్టేదైంది, పోతే తిరిగి రానిదైంది.

ఉప్పాడలో ఇల్లు పోవడం ఎక్కడో వినే మాట కాదు. కాకినాడ తీరానికి అడ్డంగా గోదావరి ఒండ్రుతో పెరిగిన సుమారు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. అది అలల తీరును, ఒడ్డు వెంట ఇసుక నడకను మార్చింది. ఓడరేవు పనులు, ఆనకట్టల వెనక ఆగిపోయిన ఒండ్రు దానికి తోడయ్యాయి. ఉప్పాడ ఒడ్డుకు ఇసుక రావడం తగ్గింది, కోత ఆగలేదు. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియో ట్యూబుల గోడ కట్టారు. తుపాన్లు దాన్ని చీల్చాయి, కాకినాడ బీచ్ రోడ్డును పదే పదే తెంపాయి. వీధులకు వీధులే సముద్రంలోకి పోయాయి, పెద్దవాళ్లు ఫలానా గుడి అక్కడుండేదని అలల వైపు చెయ్యి చూపిస్తారు.

ఈ నష్టానికి వినియోగ ఖర్చుల సర్వేలో గడి లేదు. ఇంటి స్థలం, ఇల్లు కట్టుబడి మూలధనం కింద పోతాయి. నూలుకు, వలకు, డీజిలుకు పెట్టినది వృత్తి ఖర్చు. అప్పు మీద వడ్డీ వినియోగమే కాదు. లెక్క పద్ధతిగా ఇది సరైనదే. కానీ బాకీ, పెట్టుబడి, ఇల్లు మూడూ పక్కన పెట్టి వేసిన పద్దులో ఉప్పాడ ఇంటి పెద్ద ఖర్చులు మూడూ పక్కకే పోయాయి.

2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లాక ఉప్పాడ ఒడ్డున జనం గుమిగూడి ఇసుక జల్లెడ పట్టారు. అలలు తెచ్చి పోసిన ఇసుకలో బంగారు రవ్వలు, పూసలు దొరికాయి. మునిగిపోయిన ఇళ్లవి, గుళ్లవి అని ఊరివాళ్ల మాట. పెద్ద తుపాను పోయిన ప్రతిసారీ ఆడవాళ్లు, పిల్లలు అలా వెతుకుతారు. దొరికిన రవ్వను కొంగున ముడేసుకుని కంసాలి దగ్గర తూయిస్తే ఆ రోజు సంత ఖర్చు వెళ్లిపోతుంది.