గొంతుకు దక్కిన నంది

సినిమా అవార్డుల సభ అనగానే మనకు గుర్తొచ్చేవి పట్టుచీరలు, పూలదండలు, కెమెరాల మెరుపులూను. ఆ మెరుపులు అంతగా పడని ఒక అవార్డు గురించి ఈవేళ చెప్పుకుందాం.

లేపాక్షి చూసినవారికి తెలుసు, అక్కడి ఏకశిలా నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఆ నంది పేరుమీదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో చిత్రాలకు అవార్డులు పెట్టింది. తొలి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి'కి వచ్చింది. ఆ కథ ఎవరిదనుకున్నారు? కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' నవల. మొట్టమొదటి నంది వెనకే ఒక ఆడమనిషి కలం ఉందన్నమాట! నటీనటులకు విడివిడిగా నందులివ్వడం 1970లలో మొదలైంది. తరవాత టీవీ కార్యక్రమాలకూ, నాటకాలకూ కూడా ఇచ్చారు.

వీటన్నిటిలో నాకు ముచ్చటగొలిపేది డబ్బింగు చెప్పేవారికిచ్చిన నంది. కన్నాంబ, భానుమతి, సావిత్రి తమ మాట తామే చెప్పుకున్నవారు. తరవాత తరవాత తెలుగు రాని తారలు రావడంతో, ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయింది. ఆ పని తేలికనుకోకండి. చీకటి గదిలో, తెరమీద అదే ముక్క మళ్ళీమళ్ళీ తిరుగుతుంటే, అవతలి మనిషి పెదవులు కలిసినచోట ఇవతల ప, బ, మ లాంటి అక్షరం పడాలి. ఏడుపు సీనయితే నిజంగా గొంతు పూడుకుపోవాలి, మాట మాత్రం స్పష్టంగా వినబడాలి. చేతి గాజులు తీసి పక్కన పెట్టాల్సిందే. (మైకు ముందు కూర్చున్న నాకూ ఆ బాధ తప్పలేదు లెండి!)

'భక్త ప్రహ్లాద'లో బాలప్రహ్లాదుడుగా ముద్దులొలికిన రోజారమణి, 'మరో చరిత్ర' కథానాయిక సరిత, ఇద్దరూ తరవాత ఎందరో తారలకు గొంతు అరువిచ్చారు. ఇద్దరూ నందులందుకున్నారు. విజయశాంతి తెరమీద గర్జిస్తుంటే చప్పట్లు కొట్టాం కదా, ఎన్నో చిత్రాల్లో ఆ గర్జన సరితదే. హాల్లోంచి బయటికొచ్చాక ఆ సంగతి ఎందరం తలచుకున్నాం?

2011 సంవత్సరపు నందుల్లో ఒక చక్కని న్యాయం జరిగింది. బాపుగారి 'శ్రీరామరాజ్యం'లో సీతగా నటించిన నయనతారకు ఉత్తమ నటి నంది, ఆ సీతకు మాటనిచ్చిన గాయని సునీతకు డబ్బింగు నంది. ఒక్క సీతకు రెండు నందులు! ముఖానికొకటి, గొంతుకొకటి.

2014లో రాష్ట్రం విడిపోయాక ఈ పద్ధతి కుంటుపడింది. 2014, 2015, 2016 చిత్రాల నందులను 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు. ఆపైన చాలా ఏళ్ళు నంది ఊసే లేదు. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో అవార్డులు పెట్టి 2025 జూన్ 14న హైదరాబాదులో అందజేసింది.

నంది ఆగిపోతే పెద్ద తారలకు పెద్దగా లోటేమీ లేదు. వారిని పిలిచే సభలు వేరే బోలెడున్నాయి. డబ్బింగు కళాకారిణి మాటేమిటి? జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఆమెకంటూ ఒక విభాగమే లేదు. సర్కారు సభలో నలుగురి ఎదుటా ఆమె పేరు చదివిన వేదిక నంది.