గురుకులం ఎందుకు గుంజుతోంది? నల్లగొండ, పాలమూరు దళిత విద్యార్థుల చరిత్రలో ఒక పుట

నల్లగొండ, పాలమూరు పల్లెల్లోని దళిత పిల్లలు ఊరికి దూరంగా, గుట్టల పక్కన కట్టిన గురుకుల కాలేజీల్లో సీటు కోసం ఎందుకంత కొట్లాడుతున్నారు? ప్రభుత్వ కాగితాల్లో దీనికి ఒకటే జవాబు: ఉచిత భోజనం, వసతి. ఇది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఇచ్చేవాళ్ల వైపు నుంచి రాసిన జవాబు. పుచ్చుకున్నవాళ్ల వైపు నుంచి కూడా ఈ చరిత్రను చూడాలని మేము అనుకుంటున్నాం.

చదువుకు పుస్తకం కంటే ముందు పట్నంలో తలదాచుకునే చోటు కావాలని అగ్రకులాలు చాలా ముందే గుర్తుపట్టాయి. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లోనే మొదలైంది. జిల్లాల నుంచి వచ్చిన పటేళ్ల, దేశ్‌ముఖ్‌ల పిల్లలు అక్కడ ఉండి చదివారు, అక్కడే ఒకరికొకరు పరిచయమయ్యారు, ఆ పరిచయాలే తర్వాత రాజకీయాలయ్యాయి. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ నగరంలో ఆది హిందువుల కోసం బడులు నడిపారు. కానీ దొర గడీలో వెట్టి చేసే నల్లగొండ మాదిగవాడకు ఆ బడులు చాలా దూరం. 1950లో అంబేడ్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టారు. అదే తర్వాత మిలింద్ మహావిద్యాలయ. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. మరాఠ్వాడా దళితుల్లో ఒక తరం రచయితలు, నాయకులు ఆ ఆవరణ నుంచి లేచారు. అదే రాష్ట్రంలోని మన తెలుగు జిల్లాలకు ఆ భాగ్యం పట్టలేదు.

మనకు దక్కింది దానం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబాను 80 ఎకరాలు అడిగారు, 40 తరి, 40 మెట్ట. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. అడిగినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నయ్? ఇచ్చినాయన పేరు, పుచ్చుకోని వినోబా పేరు పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఇరవై ఏళ్ల తర్వాత అదే నల్లగొండ జిల్లాలో, సర్వేల్‌లో, రాష్ట్రంలోనే మొదటి గురుకుల విద్యాలయం వచ్చింది. 1971 నవంబర్‌లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. దానికి భూమి ఇచ్చింది సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి. మరుసటి ఏడు తాడికొండలో, కొడిగెనహళ్లిలో మరో రెండు. సర్వేల్ నుంచి పెద్ద పెద్ద అధికారులు వచ్చారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. అయితే అది ప్రతిభ పేరుతో పల్లెల నుంచి కొందరిని ఏరి తీసే పద్ధతి. పరీక్ష దాకా రాగలిగినవాళ్లకే ఆ తలుపు.

దళితుల కోసమే గురుకులాలు 1983-84 నుంచి మొదలయ్యాయి, 1987లో వాటికి విడిగా సొసైటీ ఏర్పడింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల పట్టుదల, కారంచేడు (1985) తర్వాత లేచిన దళిత ఉద్యమపు ఒత్తిడి, రెండూ ఆ కాలానివే. పేరు మాత్రం పాతదే. ఏకలవ్యుడిని లోపలికి రానివ్వని చోటు పేరే మాల మాదిగ పిల్లల బడికి పెట్టారు. మా వాళ్లు ఆ పేరును పట్టించుకోలేదు, తలుపు తెరిచుందా లేదా అని చూశారు.

ఆ తలుపు విలువ తెలియాలంటే పాలమూరు వలస తెలియాలి. దసరా, దీపావళి దాటితే గుంపు మేస్త్రీ వెంట ఊర్లకు ఊర్లే కదిలేవి. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబరే. అవ్వా నాయినలు పోతే పిల్లగాడు ఎక్కడుండాలె? వెంట పోతే చదువు పోయినట్టే, ఉంటే ముసలవ్వ దగ్గర పస్తులు. 1991 జనగణన నాటికి ఆ జిల్లాలో అక్షరాస్యత 30 శాతానికి లోపే, ఆడవాళ్లలో 20 శాతం కూడా లేదు. కాబట్టి హాస్టల్ అంటే వసతి అన్న మాట చాలదు. ఏడాదిలో ఆరునెలలు తాళం పడే ఇంటికి అది బదులు.

ఇంటర్, డిగ్రీకి వచ్చేసరికి ఇంకో లెక్క ఉంది. టౌన్‌లో ప్రభుత్వ కాలేజీలు లేకపోలేదు. కిరాయి గది దొరకాలి కదా. "మీరేమోళ్లు?" అన్న ప్రశ్న తర్వాత గది ఖాళీ లేదన్న జవాబు మా తరంలో చాలామంది విన్నదే. గురుకులంలో ఆ ప్రశ్న లేదు. పైగా అదే మండలం నుంచి రెండేళ్ల ముందు వచ్చిన అన్ననో అక్కనో ఉంటారు. స్కాలర్‌షిప్ ఫారం ఎట్ల నింపాలె, ఇంగ్లీషు మీడియం పాఠం అర్థం కాకపోతే ఎవర్ని అడగాలె, వాళ్లే చెప్తారు. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఒక్కరూ లేని పిల్లకు ఆ అక్కే ఇల్లు. రాత్రి అన్నానికి రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఉంటుంది. చిన్న కాలేజీ గుంజేది ఇక్కడే.

ఆడపిల్లలకు ఇది ఇంకా పెద్ద మాట. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేయాల్సి వచ్చిన రాష్ట్రం ఇది. పాలమూరు ఆ ఆచారం బలంగా ఉన్న జిల్లాల్లో ఒకటి. ఇంటర్ అయిన పిల్ల ఇంట్ల ఉంటే పెండ్లి మాట వస్తది. కాలేజీలో ఉంటే "సదువు అయిపోనీ" అని అవ్వ చెప్పగలదు. 2016లో తెలంగాణలో ఆడపిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు మొదలైనప్పుడు వాటికి దొరికిన ఆదరణకు ఇదొక కారణమని మా అభిప్రాయం. మూడేండ్ల డిగ్రీ అంటే మూడేండ్ల గడువు.

ఇట్ల దళిత పిల్లల్ని విడిగా ఒకచోట పెట్టడం ఇంకో వాడను కట్టడమేనని మనలోనే కొందరు మిత్రులు అంటున్నారు. కొట్టిపారేసే మాట కాదిది. కలిసి చదివే హక్కు కోసమే కదా పోరాడింది. కానీ అదే 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏం జరిగింది? హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్ నడుమ గుడారం వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. 17న రోహిత్ వేముల చనిపోయాడు. అందరూ కలిసి చదివే చోటనే వెలివాడ వెలిసింది. ఇది చూసిన తల్లిదండ్రులు తమ పిల్ల మందిలో ఒంటరిగా ఉండటం కంటే మనవాళ్ల నడుమ ఉంటే నయమనుకుంటే వాళ్లది వెనకబాటు ఎట్లవుతుంది?

అట్లని గురుకులాన్ని పొగిడి వదిలేయలేం. చాలా డిగ్రీ కాలేజీలు అద్దె బిల్డింగుల్లో నడిచాయి, గెస్టు లెక్చరర్ల మీద ఆధారపడ్డాయి. 2024లో గురుకులాల్లో తిండి కలుషితమై పిల్లలు దవాఖానల పాలయ్యారు. గేటు లోపలి దగ్గరితనానికి ఇంకో ముఖమూ ఉంది: ఫిర్యాదు చేసిన పిల్ల తెల్లారి అదే వార్డెన్ ముందు ప్లేటు పట్టుకుని నిలబడాలి. ఇన్ని తెలిసీ సీటు కోసం క్యూ కడుతున్నారంటే బయట ఏముందో ఆలోచించాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. గురుకులంలో డిగ్రీ ముగించిన పిల్ల పీజీకి అటు పోతే, హాస్టల్ సీటు రాని రోజున మళ్లీ కిరాయి గదే వెతుక్కోవాలి.