అంతర్గత ప్రేరణపై బహుమతి ప్రభావం

పని చేయడంలో కలిగే ఆసక్తే ఆ పని చేయిస్తే అది అంతర్గత ప్రేరణ. జీతం, మార్కులు, బహుమతి, శిక్షాభయం చేయిస్తే బాహ్య ప్రేరణ. 20వ శతాబ్దం మధ్య వరకు అమెరికా మనోవిజ్ఞానాన్ని ఏలిన ప్రవర్తనావాదులు ఈ తేడాను అంతగా పట్టించుకోలేదు. పునర్బలనం, అంటే ప్రవర్తనను బలపరిచే ఫలితం, దొరికిన ప్రవర్తనే నిలుస్తుందన్నది బి.ఎఫ్. స్కిన్నర్ సిద్ధాంతం. ఆ లెక్కన ఇష్టమైన పనికి బహుమతి తోడైతే ఉత్సాహం ఇంకా పెరగాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో పరిశీలించిన రీసస్ కోతులు మాత్రం మేత ఆశ లేకపోయినా గడియల చిక్కులను విప్పుతూనే ఉండేవి.

బహుమతి నిజంగా ఉత్సాహాన్ని పెంచుతుందా అన్న అనుమానాన్ని మనుషుల మీద పరీక్షకు పెట్టినవాడు మనోవిజ్ఞాన పరిశోధకుడు ఎడ్వర్డ్ డెసీ. 1971లో ఆయన ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు సోమా ఘనాలు అనే పజిల్ ముక్కలతో ఆకారాలు పేర్చారు. రెండో విడతలో కొందరికి ఒక్కో ఆకారానికి ఒక డాలరు ఇచ్చి, మూడో విడతలో ఆపేశారు. అప్పుడు ఖాళీ సమయంలో వాళ్లు ఆ ఆటను ముట్టుకోవడం తగ్గింది. పాల్గొన్నది 24 మందే, తేడా కూడా బలహీనమే. ఈ ఒక్కదానితో తీర్పు చెప్పడం తొందరపాటు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం ఇంతకంటే నమ్మదగినది. స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే చెప్పి బహుమతి ఇచ్చిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవారి ఆసక్తి చెక్కుచెదరలేదు. అసలు కీలకం ఇదే. దెబ్బతీసింది కాగితం ముక్క కాదు, ‘దీనికోసమే నేను గీస్తున్నాను’ అన్న భావన. డెసీ, రిచర్డ్ రయాన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతం దీన్నే విస్తరించింది: బహుమతి తనను అదుపు చేస్తోందని తోస్తే ఆసక్తి సన్నగిల్లుతుంది, తన నేర్పును గుర్తిస్తోందని తోస్తే పెరుగుతుంది.

దీనికి గట్టి అభ్యంతరాలే వచ్చాయి. జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ 1994లో పాత ప్రయోగాలను కలిపి చూసి, బహుమతి వల్ల మొత్తంమీద హాని లేదన్నారు. కానీ విసుగు పుట్టించే పనినీ ఇష్టమైన పనినీ ఒకే గాటన కడితే అసలు తేడా మరుగున పడుతుంది. మొదటినుంచీ లేని ఆసక్తి తగ్గేదెలా? 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయాన్ 128 ప్రయోగాలను విడదీసి చూసినప్పుడు, ఆసక్తికరమైన పనికి ముందే మాటిచ్చిన వస్తురూప బహుమతులు హాని చేశాయి, మెప్పు మాటలు మేలు చేశాయి. మరో అభ్యంతరం సంస్కృతికి సంబంధించినది. అదే ఏడాది షీనా అయ్యంగార్, లెపర్ చేసిన అధ్యయనంలో ఆసియా మూలాలున్న అమెరికన్ పిల్లలు తాము ఎంచుకున్న పనికన్నా అమ్మ ఎంచిందని చెప్పిన పనిలోనే బాగా రాణించారు. దీన్నిబట్టి స్వేచ్ఛ పాశ్చాత్యుల అవసరం మాత్రమే అనుకోవడం సరికాదు. అమ్మ ఎంపికను మనస్ఫూర్తిగా తనదిగా చేసుకున్న బిడ్డకు అది ఒత్తిడి కాదు.

అలాగని కూలి, జీతం అనవసరమని ఎవరూ అనలేదు. నాలుగు దశాబ్దాల పరిశోధనలను క్రోడీకరించిన 2014 నాటి విశ్లేషణలో ఎంత పని జరిగిందన్నది ప్రోత్సాహకాలతోనూ, ఎంత నాణ్యంగా జరిగిందన్నది అంతర్గత ప్రేరణతోనూ ఎక్కువగా ముడిపడినట్లు తేలింది.