ట్రెజరీ గార్డు త్రీనాట్‌త్రీ వయసెంత?

నందిగామ, జగ్గయ్యపేటల్లో పనిచేసిన మిత్రులకు సబ్ ట్రెజరీ స్ట్రాంగు రూము ముందు గార్డు చేతిలో ఉండే త్రీనాట్‌త్రీ తుపాకీ గుర్తుండే ఉంటుంది. (ఆ ఊళ్లు 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి, మా తరానికి మాత్రం కృష్ణా జిల్లా మెట్ట తాలూకాలే.) "తెల్లవాడి కాలం నాటిది" అని దాన్ని ఒక్కమాటలో తేల్చేసేవాళ్లం. తెల్లవాడి కాలమంటే ఏ సంవత్సరమని? ఆ సంగతి తుపాకీనే అడగవచ్చు.

బోల్టు పిడి కింద, కుడివైపు ఇనుము మీద కిరీటం, రాజుగారి పొడి అక్షరాలు, మార్కు, సంవత్సరం కొట్టి ఉంటాయి. కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో రాజుల కాలాన తయారైన వాటిపై జి.ఆర్.ఐ. అని ఉండేది. రిపబ్లిక్ వచ్చాక అశోకుని సింహాలు వచ్చాయి. అయితే సర్వీసు రిజిస్టరులోని పుట్టినతేదీలా దీన్ని పూర్తిగా నమ్మరాదు. మరమ్మతుల్లో బోల్టు, కర్ర మారిపోతుంటాయి. బోల్టు మీద నెంబరూ, ఒంటి మీద నెంబరూ కలిశాయా అన్నది ముందు చూడాలి. ఆ తర్వాత భాగాల ఆకారం చూడాలి.

సేఫ్టీ మీట కథ విచిత్రమైనది. 1888 నాటి లీ-మెట్‌ఫర్డ్ తుపాకీకి ఆ మీట పెట్టారు. 1892లో తీసేశారు. నా మట్టుకు అది విడ్డూరమే. 1895లో బోల్టు తోక మీద మళ్లీ పెట్టారు. 1902లో వచ్చిన పొట్టి తుపాకీలో అది ఎడమపక్కకు, బొటనవేలికి అందేచోటికి చేరింది. మనం చూసింది అదే. మీట వెనక్కి లాగితే తుపాకీ పేలదు, బోల్టు కూడా పైకి లేవదు. ముందుకు తోస్తే కాల్పుకు సిద్ధం. 1916లో, యుద్ధపు తొందరలో, తూటాల పెట్టెను మూసే పలకను, దూరపు గురి చూసే సైట్లను తీసేసిన రకం వచ్చింది. దాని మార్కు పక్కన చుక్కగుర్తు ఉంటుంది.

ఇక ట్రిగ్గరు. దాని ఇరుసు తుపాకీ ఒంటికి కాదు, కింద ఉన్న గార్డు రేకుకు ఉంటుంది. ఆ రేకు కర్రకు బిగించి ఉంటుంది. వానలకు కర్ర ఉబ్బితే ట్రిగ్గరు లాగుడు మారుతుంది. "శ్రావణంలో దీని గుణం వేరండీ గుమాస్తాగారూ" అని ఒక హెడ్డుగారు అంటుండేవారు. పది అడుగుల దూరంలో చలాన్లు రాసుకునే మాకు అది ఊరికే పోయే మాట కాదు! ఇంగ్లండులో 1949లో, నాలుగో నెంబరు తుపాకీ మార్కు-2లో, ట్రిగ్గరును ఒంటికే తగిలించి ఈ లోపం సరిదిద్దారు. ఇషాపూర్ మాత్రం పాత నమూనానే కొనసాగించింది. 1960లలో 7.62 తూటాకు మార్చి చేసిన 2ఎ, 2ఎ1 తుపాకులూ ఆ అమరికతోనే వచ్చాయి.

మరో సంగతి. అచ్చం త్రీనాట్‌త్రీలా కనబడే ఫోర్ టెన్ మస్కెట్లు కూడా పోలీసుల దగ్గర ఉండేవి. ట్రిగ్గరు, సేఫ్టీ అవే. గొట్టం లోపల మాత్రం మరలుండవు, ఒక్కో తూటాయే పెట్టాలి.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌లో త్రీనాట్‌త్రీకి లాంఛనంగా వీడ్కోలు పలికారు.