పదహారు వందల కిలోమీటర్ల దారి

దీపావళి వెళ్లిన రెండో రోజు రాత్రి నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాలో నేల కనిపించదు. చిక్కడపల్లి నుంచి వచ్చే దారి, హిమాయత్‌నగర్ దారి, కాచిగూడ దారి అన్నీ మనుషులతో నిండిపోతాయి. బాల్కనీల్లో ఆడవాళ్లు, పిట్టగోడల మీద పిల్లలు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాల ముందు కూర్చునే కుర్రాళ్లు, అశోక్‌నగర్ హాస్టళ్ల వాళ్లు కూడా ఆ రాత్రి ఇక్కడికే నడుస్తారు.

‘జరుగన్నా, జరుగు! దున్న వస్తుంది!’

తీన్మార్ దెబ్బ పెరుగుతుంది. గుంపు రెండుగా చీలుతుంది. ఆ సందులోంచి టన్నుకు పైగా బరువున్న ముర్రా దున్నపోతు నడిచి వస్తుంది. నూనె పట్టించిన నల్లటి ఒళ్లు, రంగులు పూసిన కొమ్ములు, మెడలో పూలదండలు, గవ్వల పట్టీలు, నెమలి ఈకలు. పగ్గం పట్టిన మనిషి సైగ చేస్తాడు. దున్న ముందరి రెండు కాళ్లూ పైకెత్తి వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. ఆ క్షణంలో ఎన్ని వందల ఫోన్లు గాల్లోకి లేస్తాయో చెప్పలేం.

ఇది సదర్. నగరంలోని యాదవులు ఏటా చేసుకునే పండుగ. ఖైరతాబాద్, సైదాబాద్, ముషీరాబాద్, కాచిగూడ, ఇంకా ఎన్నో బస్తీల్లో జరుగుతుంది కానీ నారాయణగూడది పెద్ద సదర్. అశోక్‌నగర్‌కు దగ్గర్లోనే ఉన్న ఎన్టీఆర్ స్టేడియంలో 2024లో సదర్ సమ్మేళనం జరిగింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి హాజరయ్యారు. ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వం సదర్‌ను రాష్ట్ర పండుగగా గుర్తించింది. బర్రెల కొట్టాల దగ్గర పుట్టిన వేడుకకు ఆ గౌరవం దక్కడం నాకు నిజంగా సంతోషం.

అయితే చౌరస్తాలో మెరిసే ఆ పెద్ద దున్నల్లో చాలావరకు ఇక్కడివి కావు. హర్యానా నుంచి, పంజాబ్ నుంచి లారీల్లో వస్తాయి. పానిపట్, కర్నాల్ ప్రాంతం నుంచి హైదరాబాద్‌కు రోడ్డు దూరం పదహారు, పదిహేడు వందల కిలోమీటర్లు. ఆ దూరం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ప్రపంచానికి ఆ చివర, మంచులో, దాదాపు అంతే దూరం ఉన్న ఇంకో దారి గుర్తొస్తుంది. ఆ దారి కథ సదర్‌ను ప్రేమించే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది.

* * *

ఆ కథను అంతకంటే చిన్న దారిలో జరిగిన ఒక పరుగుతో మొదలుపెడతాను. 1925 జనవరి. అలాస్కాలో నోమ్ అనే చిన్న పట్టణం. సముద్రం గడ్డకట్టింది, ఓడలు రావు. పిల్లలకు గొంతు వాపు వస్తోంది. డాక్టర్ కర్టిస్ వెల్చ్ అది డిఫ్తీరియా అని గుర్తించాడు. ఆయన దగ్గరున్న మందు గడువు దాటిపోయింది. కొత్త మందు రైల్లో నెనానా వరకు వచ్చింది. అక్కడి నుంచి నోమ్‌కు 674 మైళ్లు, అంటే దాదాపు 1,085 కిలోమీటర్లు. దారంతా మంచే. మందు చేర్చగలిగినవి కుక్కలు లాగే మంచుబండ్లు మాత్రమే.

జనవరి 27 రాత్రి మొదటి బండి కదిలింది. ఇరవైమంది బండివాళ్లు, సుమారు నూట యాభై కుక్కలు, చేతులు మార్చుకుంటూ పరుగు. లియొనార్డ్ సెప్పలా అనే నార్వే మనిషి అందరికంటే ఎక్కువ దూరం, అన్నింటికంటే ప్రమాదకరమైన దారిలో తోలాడు. గాలికి పగుళ్లిచ్చే సముద్రపు మంచు మీద అతని బండిని నడిపించిన ముందు కుక్క పేరు టోగో. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున చివరి బండితో గున్నర్ కాసెన్ నోమ్ చేరాడు. అతని ముందు కుక్క బాల్టో. మొత్తం పట్టింది ఐదున్నర రోజులు.

అదే ఏడు డిసెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో బాల్టో విగ్రహం పెట్టారు. ఆ కుక్కకు ఆ తర్వాత పట్టిన గతి మాత్రం విగ్రహాన్ని చూసి మురిసినవాళ్లలో చాలామందికి తెలియదు. బాల్టో, దాని జట్టు చేతులు మారి చివరికి లాస్ ఏంజిలిస్‌లో టికెట్టు పెట్టి చూపించే ఒక చిల్లర ప్రదర్శనశాలలో తేలాయి. చీకటి గది, గొలుసులు, చిక్కిపోయిన ఒళ్లు. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన జార్జ్ కింబుల్ అనే వ్యాపారి వాటిని చూసి తట్టుకోలేకపోయాడు. యజమాని 2,000 డాలర్లు అడిగాడు. కింబుల్ తన ఊరికి కబురు పెడితే బడిపిల్లలు చిల్లర పోగుచేశారు. ఆ చందాలతో కుక్కలను విడిపించి, 1927 మార్చి 19న క్లీవ్‌లాండ్ వీధుల్లో ఊరేగించి జంతుప్రదర్శనశాలలో చేర్చారు. బాల్టో 1933లో అక్కడే కన్నుమూసింది.

విగ్రహం పెట్టిన చేతులకు ఆ కుక్క తిన్నదో లేదో చూడాలని తోచలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

* * *

ఇక ఆ పదహారు వందల కిలోమీటర్ల దారి వెనకున్న అసలు మనిషి దగ్గరకు వద్దాం. జో రెడింగ్టన్. 1917లో ఓక్లహామాలో పుట్టి, 1948లో అలాస్కాకు వచ్చి నిక్ అనే చోట స్థిరపడ్డాడు. కుక్కల బండ్లతో అడవుల్లో కూలిన విమానాల విడిభాగాలు మోసుకొచ్చే పని కూడా చేశాడు. 1960ల్లో పల్లెలకు మంచు మీద నడిచే మోటారు బండ్లు వచ్చాయి. వాటిని అక్కడివాళ్లు ఇనుపకుక్కలు అన్నారు. పెట్రోలు పోస్తే చాలు, చలికాలమంతా చేపలు పెట్టి మేపాల్సిన పనిలేదు. కొన్నేళ్లలోనే రెడింగ్టన్ తిరిగిన ఊళ్లలో ఇంటి వెనక కుక్కల అరుపులు ఆగిపోయాయి. తరాలుగా పెంచుకున్న జాతులు కళ్లముందే కనుమరుగవుతున్నాయి.

హైదరాబాద్ బస్తీల్లోనూ అచ్చంగా ఇదే జరిగింది. పాకెట్ పాలు వచ్చాయి, భూముల ధరలు పెరిగాయి, తబేలాలు ఊరి బయటికి జరిగాయి. మనకు సదర్ మిగిలింది. అలాస్కాకు అదీ లేదు.

వసిల్లాలో డొరతీ పేజ్ అనే ఆవిడ ఉండేది. రష్యా నుంచి అమెరికా అలాస్కాను కొని 1967కు నూరేళ్లు నిండుతాయి కాబట్టి ఇడిటరాడ్ అనే పాత దారిలో కుక్కల బండ్ల పందెం పెడదామని ఆవిడ ఆలోచన. పందెగాళ్లను అడిగితే ఎవరూ పట్టించుకోలేదు. రెడింగ్టన్ ఒప్పుకున్నాడు, అయితే బహుమతి 25,000 డాలర్లు ఉండాలన్నాడు. ఆ డబ్బు కోసం తన పొలంలో ఒక ఎకరం ఇచ్చేసి చదరపు అడుగుల లెక్కన జనానికి అమ్మించాడు. 1967 పందెం బ్రహ్మాండంగా జరిగింది. మరుసటి ఏడు మంచు చాలక జరగలేదు. 1969లో బహుమతి వెయ్యి డాలర్లకు పడిపోయింది, పందెగాళ్లూ తగ్గిపోయారు.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. రెడింగ్టన్ పందేన్ని నోమ్ దాకా, వెయ్యి మైళ్లకు, అంటే దాదాపు పదహారు వందల కిలోమీటర్లకు పెంచేశాడు. బహుమతి మొత్తం 50,000 డాలర్లని ప్రకటించాడు. చేతిలో అంత డబ్బు లేదు. బ్యాంకు అప్పుకు ఇల్లు హామీ పెట్టాడు. పిచ్చి అన్నారు, బండివాళ్లంతా దారిలోనే చచ్చిపోతారన్నారు. సైన్యం చలికాలపు శిక్షణ పేరుతో దారి చదును చేయడానికి సాయపడింది.

1973 మార్చి 3, ఆంకరేజ్. 34 జట్లు బయల్దేరాయి. రెడింగ్టన్ వాటిలో లేడు. జీవితమంతా ఆ పందెం కోసం కలగన్న మనిషి, డబ్బు పోగుచేయడానికి వెనకే ఉండిపోయాడు. ముందు వెళ్లేవాళ్లకు దారి సరిగా తెలియదు. ఎక్కడ పడుకోవాలో, ఎంత దూరంలో ఊరుందో తెలియదు. ఇరవై రోజులకు డిక్ విల్‌మార్త్ అనే గని కార్మికుడు నోమ్ వీధిలోకి మొదట వచ్చాడు. బహుమతి 12,000 డాలర్లు. 22 జట్లు చివరిదాకా చేరాయి. చిట్టచివరి మనిషికి ముప్పై రెండు రోజులు పట్టింది.

ఆ పందెంలో కుక్కలు చనిపోయాయి కూడా. ఆ నిజాన్ని దాచి ఈ కథ చెప్పకూడదు. విమర్శలు ఘాటుగా వచ్చాయి. ఆ విమర్శల వల్లే కాలక్రమంలో నియమాలు పుట్టాయి. ఇవాళ పందేనికి ముందే ప్రతి కుక్కకూ రక్తపరీక్ష, గుండె పరీక్ష చేస్తారు. దారిలో ప్రతి మజిలీలో పశువైద్యులు ఉంటారు. బండివాడు తన కుక్కల ఆరోగ్య పుస్తకం వెంట పెట్టుకోవాలి, వైద్యుడు దాన్ని చూసి సంతకం చేయాలి. దారిలో ఒకసారి 24 గంటలు, రెండుసార్లు 8 గంటల చొప్పున తప్పనిసరి విశ్రాంతి. అలసిన కుక్కను మజిలీలో దింపేస్తే స్వచ్ఛందంగా వచ్చిన పైలట్లు చిన్న విమానాల్లో వెనక్కి చేరుస్తారు. ఇంత చేసినా 2024లో మూడు కుక్కలు చనిపోయాయి. జంతు సంక్షేమ సంఘాల ఒత్తిడి మధ్య ఎక్సాన్‌మొబిల్ వంటి పెద్ద కంపెనీ 2021లో స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. జంతువు క్షేమం మీద నమ్మకం పోతే డబ్బు కూడా పోతుందని అలాస్కా నేర్చుకుంటూనే ఉంది.

ఆ పందెం పల్లెలకు చేసిన మేలు మాత్రం గట్టిది. మార్చి వచ్చిందంటే నాలుగువేల జనాభా కూడా లేని నోమ్‌లో గది దొరకదు. దారిలోని చిన్న ఊళ్లలో బడి, సామూహిక భవనం మజిలీలవుతాయి. నిర్వాహకులు చేసిన ఇంకో పని నాకు అన్నింటికంటే నచ్చింది. మామూలుగా బేసి సంవత్సరాల్లో పందెం దక్షిణపు దారిన, సరి సంవత్సరాల్లో ఉత్తరపు దారిన వెళ్తుంది. ఏటా ఒకే ఊళ్లకు భారమూ కాదు, ఒకే ఊళ్లకు లాభమూ కాదు.

రెడింగ్టన్ 1997లో, ఎనభై ఏళ్ల వయసులో మళ్లీ ఆ దారంతా బండి తోలాడు. 1999లో చనిపోతే ఆయనను మంచుబండిలోనే ఉంచి పూడ్చిపెట్టారు.

* * *

ఇప్పుడు మన దారి సంగతి. అలాస్కా కుక్క పదహారు వందల కిలోమీటర్లు పరిగెడితే మజిలీ మజిలీకి వైద్యుడు ఎదురొస్తాడు. మన దున్న అంతే దూరం లారీలో నిలబడి వస్తే దారిలో దానికోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? పశువుల రవాణాకు మన దేశంలో 1978 నుంచే నియమాలున్నాయి. కాగితం మీదున్న వాటిని రోడ్డు మీదికి తేవడానికి రాష్ట్ర పండుగ కంటే మంచి సందర్భం రాదు.

ఆ లారీలు వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి తెలంగాణలో అడుగుపెట్టేది ఆదిలాబాద్ జిల్లాలోనే. తర్వాత నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్. ఈ దారి వెంట రెండు మూడు చోట్ల సదర్ మజిలీలు కట్టాలని నా విన్నపం. పెద్ద పెద్ద భవనాలు అక్కర్లేదు. నీడ, నీటి తొట్టి, మెత్తటి నేల, పచ్చిమేత, ఒక పశువైద్యుడు, దున్న కనీసం ఒక రాత్రి పడుకునే చోటు చాలు. చూడాలనుకునే జనం అక్కడికే వస్తారు. నిర్మల్ కొయ్యబొమ్మలు అక్కడే అమ్ముడవుతాయి, చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలు జొన్నరొట్టెల బండ్లు పెట్టుకుంటాయి. ఒక ఏడు నిర్మల్ వైపు ఊళ్లకు, మరో ఏడు కామారెడ్డి వైపు ఊళ్లకు అవకాశం ఇవ్వవచ్చు. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. తమ నేత పనిని తమ ఇంట్లోనే చూపించిన ఊరికి వచ్చిన పేరు అది. పాడి చేసే ఊళ్లకు అలాంటి పేరు ఎందుకు రాకూడదు?

ఇంకో మాట. హర్యానా దున్నలకు కోట్లలో ధర పలకడం వెనక ఉన్నది వీర్యం అమ్మకం, దానివల్ల పుట్టే పాడి బర్రెల విలువ. ఏడాదంతా దాని ఆరోగ్యం చూసుకునే యజమానికే ఆ ఆదాయం. ఆ విద్య మన ఊళ్లకు రావాలి. సదర్ నిర్వాహకులు, పశుసంవర్ధక శాఖ కలిసి ఇక్కడి యాదవ యువకులకు మేలుజాతి దున్నల పెంపకం నేర్పిస్తే, కొన్నేళ్లకు చౌరస్తాలో మన ఊరి దున్నలే ముందు నడుస్తాయి. లారీ ప్రయాణమూ తగ్గుతుంది.

నారాయణగూడలోనూ మారాల్సినవి ఉన్నాయి. దున్న చెవి పక్కనే డీజే పెట్టెలు పెట్టడం ఆపాలి. తీన్మార్ చాలు, పండుగకు ఆ డప్పే అందం. దున్నకు మద్యం పట్టించామని గొప్పగా చెప్పుకున్న వార్తలు పత్రికల్లో చదివాం. యాదవుల ఇళ్లలో పశువు ఇంటి మనిషితో సమానం. ఆ ఇళ్ల పెద్దలే ముందుకొచ్చి అది తప్పని చెప్పాలి. కాళ్లు ఎత్తించే విన్యాసం ఒక్కో దున్నతో ఎన్నిసార్లు చేయించవచ్చో వైద్యుడు నిర్ణయించాలి. చౌరస్తాకు దగ్గర్లో దున్నలు దిగి, సేద తీరి, తిరిగి వెళ్లడానికి జనం రాని ఒక మైదానం ఆ రెండు మూడు రోజులూ కేటాయించాలి. రాష్ట్ర పండుగకు ఇచ్చే నిధుల్లో మొదటి ఖర్చు వేదిక మీద కాక, ఆ మైదానం మీద పడాలి.

చదువుతున్న మీకూ ఒక విన్నపం. ఈ ఏడు సదర్‌కు తప్పకుండా వెళ్లండి, పిల్లలనూ తీసుకెళ్లండి. దున్న పక్కన ఫొటో దిగే ముందు పగ్గం పట్టుకున్నాయనను పలకరించి, అది లారీ ఎప్పుడు దిగిందో, నీళ్లు ఎప్పుడు తాగిందో అడగండి.