ఊషము: వస్త్రశుద్ధియు దేహశుద్ధియు

ఊషమనఁగా క్షారమృత్తిక యని యమరసింహుఁడు భూమివర్గమునఁ జెప్పెను. తెనుఁగున దీనినే చవుడందురు. పాణినియు నీ శబ్దమును విడువలేదు. అష్టాధ్యాయి 5వ యధ్యాయము, 2వ పాదము, 107వ సూత్రమున ఊష, సుషి, ముష్క, మధు శబ్దములమీఁద మత్వర్థమున రప్రత్యయము విధింపఁబడినది. ఊషము గలది ఊషరము, చవుటినేల యన్నమాట. అందుఁ బైరు పండదు గాని వేసవిలోఁ బైకిఁ దేలెడి తెల్లని పొడి వ్యర్థము గాదు.

మనుస్మృతి 5వ యధ్యాయమున ద్రవ్యశుద్ధి చెప్పుచోటఁ బట్టుబట్టలకును ఉన్నిబట్టలకును ఊషమును, కుతపములకుఁ గుంకుడుకాయలను, అంశుపట్టములకు మారేడుకాయలను, క్షౌమములకుఁ దెల్లయావాలను విధించిరి. ఉన్నియందు సహజముగనే జిడ్డుండును. చవుటియందలి సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ఆ జిడ్డును విడఁగొట్టి నీటిలోఁ బోవునట్లు చేయును. మిక్కిలి తీక్ష్ణమైన క్షారము పట్టును, ఉన్నిని దినివేయును, చవుడంతటిది గాదు. తెలుఁగునాట రజకులు చవుడు కలిపిన నీట బట్టలు నానవైచి యుబ్బకుఁ బెట్టుటయు నీ యెఱుకయే.

బట్టకుఁ బనికివచ్చినది యొంటికిఁ బనికివచ్చెనా? కూర్మపురాణము శౌచమునకు మట్టి తేరాని తావులను జెప్పుచు నందు ఊషరమును జేర్చినది. ఇది శౌచమునకే గాని స్నానమున కంతటికిని జెప్పినది కాదు. అయినను ఉపేక్షింపఁదగిన సాక్ష్యము గాదు. వాత్స్యాయనుఁడు నాగరకునకు నిత్యము స్నానమును, రెండవనాఁ డుత్సాదనమును, మూఁడవనాఁడు ఫేనకమును జెప్పెను. పేరునుబట్టి ఫేనకము నురుగు వచ్చెడి వస్తువని తోఁచును. దేనితోఁ జేయవలయునో సూత్రము చెప్పదు. అది చవుటితోఁ గాఁచిన సబ్బే యని నిర్ణయించుట సాహసము. కుంకుడుకాయ మాత్రము నురుగు నీయదా?

మేనికి క్షారము సోఁకినది వైద్యుని చేతిమీఁదుగనే. సుశ్రుతసంహిత సూత్రస్థానము 11వ యధ్యాయమున క్షారశబ్దమునకు క్షరణమునుబట్టియు, క్షణనమునుబట్టియు రెండు నిర్వచనము లున్నవి. క్షణనమనఁగా హింస. వైయాకరణులకు మొదటిదే రుచించును. పూఁత పడినవాఁడు రెండవదాని నొప్పుకొనును. మృదు, మధ్య, తీక్ష్ణములని మూఁడు తెఱఁగుల క్షారమును గిటిభము, దద్రువు మున్నగు చర్మరోగములకుఁ బైపూఁతగాఁ జెప్పి, బాలురకు, వృద్ధులకు, గర్భిణులకు, భీరువులకుఁ గూడదనిరి. పూసినచోట మంట యడఁగుటకుఁ బుల్లని ద్రవ్యములు వాడవలయుననియు, ఆమ్లముతోఁ గూడిన క్షారము తన తీక్ష్ణత్వమును విడుచుననియు నా యధ్యాయముననే యున్నది. మనుష్యుని చర్మపుఁ బైపొర యించుక యామ్లస్వభావము గలదని నేఁటి శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుచున్నారు.